ఇనుప కొంగ

బల్లార్షా మిల్లు వెనక గేటుకాడ
రద్దీ కాగితం లారీలు దిగే జాగ.
ఓదెలు పని అక్కడ:
సుతిలి కోసుడు, కట్టలు ఇప్పుడు, పిన్నులు పీకుడు,
తడిసింది ఒక దిక్కు, పొడిది ఒక దిక్కు.
బ్యాంకు చలాన్లు, పెండ్లి పత్రికలు,
ఫెయిలైన పిల్లల జవాబు పేపర్లు,
తెల్లారేసరికి అన్నీ ఒక్కటే గుజ్జు.

అండ్ల ఎప్పుడన్న ఒక బొమ్మల పుస్తకం దొరికేది.
అట్ట ఉండకపోయేది. చివరి పేజీలు ఉండకపోయేవి.
టిఫిన్ డబ్బా కింద దాచి తెచ్చేటోడు,
ప్రతి పుస్తకం మీద తొక్కు నూనె మరక.

ఓదెలుకు ఇంగ్లీషు రాదు, హిందీ రాదు,
తెలుగుల సంతకం మట్టుకు.
అయినా చదివేటోడు.
ఒక వేలు బొమ్మ మీద,
ఇంకో వేలు మాటల బుడగ మీద:
"ఈడు ఏమంటుండంటే..."

సన్నటి కాళ్లు, ఇనుప ముక్కు,
భుజాల మీదికెళ్లి జారే బూడిదరంగు దుప్పటి.
అసలు పేరేందో ఎవలకెరుక?
ఇనుప కొంగ అన్నడు ఓదెలు.
మాకు ఇనుప కొంగే.

వర్ధా వాగు మీదికెళ్లి ఎగిరొచ్చి
మిల్లు పొగగొట్టం మీద వాలి
దుప్పటి ఆరబెట్టుకునేది.
చేతులల్ల ఎత్తుకున్న ఎర్రగౌను పిల్ల దాని చెల్లె.
నొప్పులు వడుతున్నయి,
చాందా దవాఖానకు బస్సు దొరకలే.
నున్నటి గుండోడు దొంగ కాదు,
హాజరీ రాసే బాబు, ఐతారం కూలీ మింగినోడు.
వాణ్ణి కొంగ కొట్టదు.
కాలు వట్టి పైకి తీస్కవోయి
మబ్బులల్ల కూసోవెట్టి లెక్క మళ్ల రాయిస్తది.

"గోడ వలగ్గొట్టచ్చు గదా?" అన్నడు సుధాకర్ మేశ్రామ్,
మరాఠీ నాలిక మీద మా తెలుగు పెట్టుకొని.
ఓదెలు బీడీ ఆర్పి శానాసేపు సోచాయించిండు.
"వలగ్గొడితే మళ్ల కట్టేదెవలురా?
మీ నాయిననే గదా."

చివరి పేజీలు లేవు గనక
కొంగ మూడు వానకాలాలు
గెలువలే, సావలే.
తర్వాత కాంట్రాక్టరు మారిండు.
ఓదెలు కాగజ్‌నగర్ వోయిండన్నరు,
సూరత్ అన్నరు ఇంకొకలు.

మొన్న చంద్రపూర్ల కొత్త హాలుకు
నా బిడ్డ ఆమ్రపాలిని తీస్కవోయిన.
ఒక్క మక్కప్యాలాల డబ్బాకు
నా సగం రోజు జీతం.
తెర మీద ఇనుప ముక్కు కనవడంగనే
లేచి నిలవడ్డ.
"బైఠో భాయ్" అన్నరు ఎనకోళ్లు.

పేరొచ్చింది, తెర నిండా, మెరుపులతోటి.
ఇప్పుడు నాకు చదువొస్తది. చదివిన.
బయటికొచ్చేసరికి యాది లేదు.
గొంతు మంచిగుంది గని బీడీ వాసన లేదు దాంట్ల.
గుండోడు కొంగ సొంత తండ్రట.
ఎర్రగౌను పిల్ల చెల్లె కాదట,
వానల ముద్దు వెట్టుకున్నరు.
నేను మొకం అటు తిప్పుకున్న.

పట్నం కూలుడు మొదలైంది.
ఇరువై నిమిషాలు, అంతస్తు మీద అంతస్తు.
పిల్లలు ఈలలు.
సిమెంటు ఫ్యాక్టరీల తూకం రాసేటోణ్ణి,
చెయ్యి ఊకోదు, లారీలు లెక్కవెడుతున్న.
నాలుగొందల దాక వచ్చి తప్పిన.
సుధాకర్ వాళ్ల నాయిన తాపీ యాదికొచ్చింది,
అంచు అరిగి చెంచా అంతైన తాపీ.

ఆఖరుకు పేర్లు వడుతున్నయి, ఎవ్వలు లేస్తలేరు.
"పప్పా, ఆగు, ఎనక ఇంకో ముక్క ఉంటది!"
నేను చెయ్యి వట్టి గుంజుకొచ్చిన.
బండి మీద సగం తొవ్వ దాక మాట్లాడలే పిల్ల.
"చివరికి ఏమాయెనో" అన్నది, ఏడుపు గొంతు.
"చినిగిపోయింది బిడ్డా" అన్న.

మిల్లు వాసన తగిలినంక చెప్పుడు షురూ చేసిన:
ముద్దు వట్టి అబద్ధం, ఆ పిల్ల చెల్లె,
నొప్పులు, బస్సు, దవాఖాన.
ఆమ్రపాలి నా ఈపుకు గదువ ఆనిచ్చి ఇన్నది.
పొగగొట్టం మీద ఎర్రలైటు కనవడుతుంటే అడిగింది:
"మరి ఆమెకు ఏం పుట్టింది?"

ఓదెలు చెప్పలేదు.
బండి నిమ్మలం చేసిన.